కూల్చిన ఊళ్లో ఒక చెక్క బెంచీ

2005 మే నెల. జింబాబ్వే రాజధాని హరారేలో చలికాలం మొదలవుతున్న రోజులు. అనుమతి లేని కట్టడాలనూ దుకాణాలనూ తొలగించబోతున్నామని మే 19న నగరాన్ని నడుపుతున్న కమిషన్ ప్రకటించింది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు పోలీసులూ బుల్డోజర్లూ పేదల పేటల మీద పడ్డాయి. అద్దెకిచ్చుకోవడానికి పెరట్లో వేసుకున్న గదులు, రేకుల ఇళ్లు, కూరగాయల బడ్డీలు, పాతబట్టల అంగళ్లు నేలమట్టమయ్యాయి. చాలాచోట్ల ఎవరి ఇంటిని వాళ్లచేతే కూలగొట్టించారు. ఈ పనికి షోనా భాషలో 'మురంబత్స్వినా' అని పేరు పెట్టారు. చెత్తను ఊడ్చిపారేయడమన్నమాట. ఐక్యరాజ్యసమితి తరఫున అన్నా తిబైజుకా వెళ్లి చూసి ఆ జులైలోనే నివేదిక ఇచ్చారు. దేశం మొత్తం మీద సుమారు 7 లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నారని లెక్క తేల్చారు. ఏదో ఒక రకంగా ఆ దెబ్బ తగిలినవారు మరో 24 లక్షలు.

ఇది తుపాను కాదు, భూకంపం కాదు. పాలించేవాళ్లు తమ జనం మీద చేసిన పని. విచిత్రమేమిటంటే, ఆ మరుసటి ఏడాదే అదే హరారేలో, నగరపాలక సంస్థ నడిపే దవాఖానా ఆవరణలో ఒక చెక్క బెంచీ వేసుకుని పద్నాలుగు మంది అమ్మమ్మలు జనం గోడు వినడం మొదలుపెట్టారు. దెబ్బతిన్న ఊరు మళ్లీ ఎలా నిలదొక్కుకుంటుంది, అందులో మునిసిపాలిటీ చేయగలిగిందేమిటి అని ఎవరైనా అడిగితే, ప్రపంచంలో తరచుగా చూపించే ఉదాహరణల్లో ఆ బెంచీ ఒకటి. అది ఎలా పనిచేసిందో, ఎక్కడ పనిచేయలేదో కొంచెం నిదానంగా చూద్దాం.

ముందు దెబ్బ సంగతి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి ఒళ్లంతా అప్రమత్తమవుతుంది. గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, చూపు ప్రమాదం మీంచి కదలదు. బతికి బయటపడటానికి అది అవసరం. ప్రమాదం దాటాక ఒళ్లు సర్దుకోవాలి. చాలామందిలో సర్దుకుంటుంది కూడా. నాలుగు రోజులు నిద్ర పట్టదు, కళ్లు మూస్తే అదే దృశ్యం కనిపిస్తుంది, ఏదైనా చప్పుడైతే ఉలిక్కిపడతారు. వారాలు గడిచేకొద్దీ అది తగ్గుతుంది. కొద్దిమందిలో మాత్రం తగ్గదు. నెలలైనా ఒళ్లు ఆ ప్రమాదంలోనే ఉంటుంది. వైద్యం నిజంగా కావలసింది వాళ్లకు.

ఎవరిలో తగ్గుతుంది, ఎవరిలో తగ్గదు? గుండె ధైర్యాన్ని బట్టి అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. పరిశోధనలు చెప్పేది వేరు. జరిగిన ఘోరం ఎంత పెద్దదన్నది ఒక లెక్క అయితే, ఆ తర్వాత ఏం జరిగిందన్నది అంతే పెద్ద లెక్క. ఆ రాత్రి తలదాచుకోవడానికి చోటు దొరికిందా, తన వాళ్లు ఎక్కడున్నారో తెలిసిందా, మళ్లీ రూపాయి సంపాదించే దారి కనిపించిందా, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఉన్నాడా. 2007లో స్టీవెన్ హాబ్‌ఫాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు నిపుణులు కలిసి విపత్తుల తర్వాత ఏది మేలు చేస్తుందో వడపోసి చూశారు. భద్రత, మనసు కుదుటపడటం, తమ పని తాము చక్కబెట్టుకోగలమన్న నమ్మకం, నలుగురితో సంబంధం, రేపటి మీద ఆశ అనే అయిదు తేలాయి. ఈ అయిదింటిలో ఏదీ మందుల షాపులో దొరికేది కాదు. సగానికి సగం ఊరి చేతిలోనూ ఊరిని పాలించేవారి చేతిలోనూ ఉన్నవే.

ఇక్కడే ఒక పొరపాటు నమ్మకాన్ని కూడా తీసేయాలి. ఘోరం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పిస్తే మనసు తేలికవుతుందని ఒకప్పుడు అనుకునేవారు. ఎక్కడ ప్రమాదం జరిగినా కౌన్సెలర్ల బృందాలు వెళ్లి ఒక్క పూటలో ఆ పని ముగించి వచ్చేవి. ఆ పద్ధతి మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ సమీక్షకులు జల్లెడపట్టి, దానివల్ల తర్వాతి జబ్బును ఆపగలిగినట్టు ఆధారం లేదని తేల్చారు. ఒకటి రెండు అధ్యయనాల్లో అది చెరుపు కూడా చేసినట్టు కనిపించింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంతకంటే మామూలు పని. నీళ్లివ్వండి, చోటు చూపించండి, అయినవాళ్లతో కలపండి, చెప్పాలనుకుంటే వినండి, చెప్పమని బలవంతపెట్టకండి. మన దగ్గర మాత్రం ఒక్కరోజు కౌన్సెలింగ్ శిబిరం, వెనక బ్యానరు, ముందు ఫొటో ఇంకా చలామణీలోనే ఉన్నాయి.

మళ్లీ హరారేకి వద్దాం. 2005 నాటికి ఆ దేశంలో పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. ధరలు ఆకాశాన్నంటుతున్నాయి. దాని మీద ఈ కూల్చివేతలు వచ్చిపడ్డాయి. కోటిని మించిన జనాభాకు మానసిక వైద్యులు పట్టుమని పదిపన్నెండు మంది. వాళ్లలో ఒకరు డిక్సన్ చిబండా. ఆయన దగ్గర చికిత్స పొందుతున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకుంది. ఆస్పత్రికి ఎందుకు తీసుకురాలేదని ఆయన అడిగితే, బస్సు ఖర్చుకు పదిహేను డాలర్లు లేవని తల్లి చెప్పింది. ఈ సంగతి ఆయనే బహిరంగ వేదికల మీద చాలాసార్లు చెప్పారు. ఆస్పత్రిలో కూర్చుని రోగి కోసం ఎదురుచూసే వైద్యం ఈ ఊరికి పనికిరాదని ఆయనకు అర్థమైంది అక్కడే.

కూల్చివేతల దెబ్బ గట్టిగా తగిలిన పాత పేటల్లో మ్బారే ఒకటి. అక్కడ ఏదైనా చేయాలని ఆయన అధికారులను అడిగారు. దవాఖానాలో గది ఖాళీ లేదన్నారు. నర్సులకు ఊపిరి సలపడం లేదు, వాళ్లను ఇవ్వలేమన్నారు. చివరికి ఇచ్చింది పద్నాలుగు మంది పెద్దవయసు ఆడవాళ్లను. వాళ్లు కొత్తవాళ్లేమీ కాదు. ఇంటింటికీ తిరిగి టీకాల గురించి, పరిశుభ్రత గురించి, హెచ్‌ఐవీ మందుల గురించి చెప్పడానికి నగర ఆరోగ్య శాఖ కొద్దిపాటి భత్యం మీద ఎన్నో ఏళ్లుగా పెట్టుకున్న కార్యకర్తలు. మన ఆశా వర్కర్ల లాంటివాళ్లే, కాకపోతే నాయనమ్మల ఈడు. గది లేదు కాబట్టి ఆరుబయట బెంచీ వేశారు. ఇప్పుడు అందరూ మెచ్చుకునే ఆ ఏర్పాటు అసలు పుట్టింది చోటులేక.

చిబండా దానికి మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెట్టారు. ఎవరూ వచ్చి కూర్చోలేదు. ఆ పేరున్న బెంచీ మీద కూర్చుంటే పిచ్చివాళ్లనుకుంటారని అమ్మమ్మలే చెప్పి పేరు మార్పించారు. 'చిగారో చెకుపానానా మజానో', అంటే కష్టసుఖాలు చెప్పుకుని ఉపాయం ఆలోచించుకునే బెంచీ అయింది. బయటి ప్రపంచానికి ఫ్రెండ్‌షిప్ బెంచ్‌గా తెలిసింది అదే. అమ్మమ్మల మాట విన్న డాక్టరు కావడం చిబండా గొప్పతనమని నాకనిపిస్తుంది. ఎంతమంది వింటారు?

ఆ బెంచీ మీద ఏం జరుగుతుందో చూద్దాం. ఇదంతా ఉత్త ఓదార్పు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక ఇది వివరంగా తెలియాలి.

ముందుగా పద్నాలుగు ప్రశ్నలుంటాయి. గత వారంలో ఒకటే ఆలోచనలతో సతమతమయ్యారా? నిద్ర పట్టలేదా? చిన్న విషయానికే చిరాకు వచ్చిందా? ఏడుపు వచ్చిందా? పని వెనకబడుతోందా? చచ్చిపోవాలనిపించిందా? అవును, కాదు అని చెబితే చాలు. ఈ ప్రశ్నావళి తయారీ వెనక మన దేశస్థుడు ఒకరున్నారు. ముంబైలో పుట్టిన విక్రమ్ పటేల్ 1990లలో హరారేలో పనిచేస్తూ, పాశ్చాత్య పుస్తకాల్లోని డిప్రెషన్ లక్షణాలను అనువదించుకోకుండా, అక్కడి జనం తమ బాధను ఏమని చెప్పుకుంటున్నారో విని, వాళ్ల మాటల్లోంచే ఈ ప్రశ్నలు కూర్చడంలో ముందున్నారు. తొమ్మిదికి, అంతకు మించి అవును అనే జవాబొస్తే ఆ మనిషికి సాయం కావాలని లెక్క. చావాలన్న తలంపు గట్టిగా ఉంటే అమ్మమ్మ తన దగ్గర ఉంచుకోదు, వెంటనే పైవాళ్లకు అప్పగిస్తుంది. ఈ హద్దు ఆమెకు శిక్షణలోనే నేర్పుతారు.

తర్వాతిది అసలు పని. ఆరు సార్ల వరకూ కలుస్తారు. మొదటిసారి సుమారు గంటసేపు, ఆ తర్వాత తక్కువసేపు. మొదటి దశకు వాళ్లు పెట్టుకున్న పేరు 'కువూరా ప్ఫుంగ్వా', మనసు తెరవడం. వచ్చిన మనిషి చెబుతూ పోతుంది, అమ్మమ్మ వింటూ పోతుంది. ఉదాహరణకు ఒకామెను ఊహించుకోండి. భర్త పోయాడు, గది కూల్చేశారు, ఇద్దరు పిల్లలతో చెల్లెలి ఇంట్లో ఉంది. ఆమెకు హెచ్‌ఐవీ, మాత్రలు సరిగా వేసుకోవడం లేదు. బడి ఫీజు బాకీ ఉంది. చెల్లెలి మొగుడు రోజూ సూటిపోటి మాటలంటున్నాడు. కష్టాలన్నీ ఒకేసారి మీద పడితే దేన్ని ముందు పట్టుకోవాలో ఎవరికీ తోచదు. చిక్కుపడిన నూలుండలో ఒక్క కొస దొరికితే చాలు, మిగతాది మెల్లగా విప్పుకోవచ్చు. ఆ కొసను పట్టించడమే అమ్మమ్మ పని. 'ఇన్నిట్లో ఈ వారం దేని మీద చేయి వేద్దాం?' అని అడుగుతుంది. జవాబు ఆమె చెప్పదు, వచ్చిన మనిషే ఎంచుకోవాలి. బడి ఫీజు అంటుంది ఆ మనిషి. దానికి ఏమేం దారులున్నాయో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. పెద్దగా కాదు, చిన్నగా, ఈ వారంలో చేయగలిగిందై ఉండాలి. బుధవారం వెళ్లి హెడ్మాస్టర్ని కలిసి రెండు వాయిదాలు అడగడం, అంతే. వచ్చేవారం వచ్చి ఏమైందో చెప్పాలి. అయితే సంతోషం, కాకపోతే ఇంకో దారి చూస్తారు. రెండో దశ, మూడో దశ అంటే మనిషిని లేవనెత్తడం, గట్టిపరచడం. వైద్య పుస్తకాల్లో దీన్ని సమస్యా పరిష్కార చికిత్స అంటారు. ఇది అమ్మమ్మల సొంత కల్పన కాదు, ముందే పరీక్షలకు నిలిచిన పద్ధతి. దాన్ని వారం పైచిలుకు శిక్షణతో తమ ఊరి నడకలోకి తెచ్చుకున్నారు వాళ్లు. దేవుడి ప్రార్థన చేయాలనిపిస్తే చేస్తారు, ఏడుపొస్తే ఏడుస్తారు. అదంతా డాక్టరు గదిలో కుదిరేది కాదు.

సలహాలివ్వకుండా ఉండటమే అన్నిటికంటే కష్టమట. తెలుగు ఇళ్లలో పెరిగిన మనకు ఇది వేరే చెప్పాల్సిన పనిలేదు. ఎదుటి మనిషి నోరు తెరవకముందే 'నీకెందుకే, నేను చెప్పినట్టు చెయ్' అనే పెద్దలు మనకు వీధికి పదిమంది.

ఆరు సార్లతో కథ ముగియదు. ఆ మనుషులు 'కుబటానా తోసే' అనే బృందంలో చేరతారు, చేతులు కలుపుకుని ఉండటమని దాని అర్థం. వారం వారం కలుస్తారు. పారేసిన ప్లాస్టిక్కుతో చేతిసంచులు అల్లి అమ్ముకుంటారు. నాలుగు డబ్బులు వస్తాయి, ఆ చేతిపని మీదే కబుర్లూ సాగుతాయి. హాబ్‌ఫాల్ బృందం చెప్పిన అయిదింటిలో నలుగురితో సంబంధం, తన పని తాను చక్కబెట్టుకోగలనన్న నమ్మకం ఇక్కడే కుదురుకుంటాయి. నా లెక్కలో బెంచీ కంటే ఈ సంచుల బృందమే గట్టి ఆలోచన. అల్లిక తెలిసిన అయిదుగురు ఒకచోట చేరడానికి ఏ డాక్టరూ అక్కర్లేదు.

ఇంత చక్కటి కథ విన్నాక ఎవరికైనా అనుమానం రావాలి: నిజంగా నయమవుతోందా, లేక వినడానికి మాత్రమే బాగుందా? చిబండా బృందానికీ ఆ ప్రశ్న తప్పలేదు. 2014, 2015 మధ్య హరారేలోని 24 మునిసిపల్ దవాఖానాలను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపులో బెంచీ, రెండోదాంట్లో మామూలుకంటే కొంచెం మెరుగైన వైద్యం: నర్సు మాట సాయం, అవసరమైతే మందులు. మొత్తం 573 మందిని చేర్చుకున్నారు. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం గుంపులో దాదాపు సగం మందిలో డిప్రెషన్ లక్షణాలు ఇంకా ఉన్నాయి. బెంచీ గుంపులో 14 శాతం లోపు. 2016 డిసెంబరులో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో ఇది అచ్చయింది. ఇంత తేడా ఖరీదైన చికిత్సల్లోనూ తరచు కనిపించదు.

అయితే ఈ అంకెలను దాటిపోయి మాట్లాడకూడదు. ఆరు నెలల వరకే చూశారు. చేరినవాళ్లలో నూటికి ఎనభై అయిదు మందికి పైగా ఆడవాళ్లు. అంటే మగవాళ్లు ఆ బెంచీ దగ్గరకు రాలేదు, లేదా దవాఖానాకే రాలేదు. తాగుడు, నిరుద్యోగం, కొట్లాట ఎక్కువగా ఉన్న చోట్ల ఇది చిన్న లోటు కాదు. తీవ్రమైన మతిభ్రమణం ఉన్నవాళ్లను, ఆత్మహత్యకు సిద్ధపడినవాళ్లను పరీక్షలో చేర్చుకోలేదు. బెంచీ వాళ్ల కోసం కాదు. బెంచీ పెట్టాం కదా, ఇక మానసిక వైద్యుల పోస్టులు నింపనక్కర్లేదు అనుకునే ప్రభుత్వం ఈ పరిశోధనను తలకిందులుగా చదివినట్టే.

దీనికంటే బరువైన మాట ఇంకొకటుంది. కూల్చిన ఇళ్ల సంగతేమిటి? 'గరికాయ్' అనే పథకం కింద కొత్త ఇళ్లు కట్టిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2006లో లెక్కతీస్తే, 92 వేలకు పైగా నివాసాలు కూల్చినచోట కట్టినవి 3,325. తోడుగా కూర్చుని వినడం మనిషిని నిలబెట్టవచ్చు. నిలబడటానికి నేల ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వకపోతే, అమ్మమ్మ మోస్తున్నది తన బరువు కాదు, ప్రభుత్వం దించుకున్న బరువు. హరారే బెంచీని పొగిడేవాళ్లు చాలామంది ఈ మాట దగ్గర గొంతు తగ్గిస్తారు.

నగరమే గాయం చేసి, నగరమే మాన్పడానికి పూనుకున్న ఇంకో చోటు అమెరికాలోని బాల్టిమోర్. 2015 ఏప్రిల్‌లో ఫ్రెడీ గ్రే అనే పాతికేళ్ల నల్లజాతి యువకుడు పోలీసుల అదుపులో తగిలిన గాయాలతో చనిపోయాడు. ఊరు భగ్గుమంది. దుకాణాలు తగలబడ్డాయి, బడులు మూశారు. గొడవలకు నడిమధ్యలో ఉన్న పెన్సిల్వేనియా అవెన్యూ గ్రంథాలయ శాఖను మాత్రం మర్నాడు మూయలేదు. ఈనాక్ ప్రాట్ గ్రంథాలయానికి అప్పుడు అధిపతిగా ఉన్న కార్లా హేడెన్ దాన్ని తెరిచే ఉంచాలని నిర్ణయించారు. కూర్చోవడానికి చోటు, మరుగుదొడ్డి, ఫోను చార్జింగు, వార్తలు, నలుగురు మనుషులు. ఆ పూట పేటకు కావలసింది అదే. మరుసటి ఏడాది ఆమె అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అధిపతి అయ్యారు.

నాలుగేళ్ల తర్వాత, 2019 ఫిబ్రవరిలో, అక్కడి ఫ్రెడరిక్ డగ్లస్ హైస్కూల్లో ఒక ఉద్యోగి మీద కాల్పులు జరిగాయి. బడుల్లో సాయుధ పోలీసులు ఉండాలా వద్దా అని పెద్దలు వాదించుకుంటుంటే, పిల్లలు తమ ఇళ్లలో, వీధుల్లో, రోజూ చూస్తున్న చావుల గురించి ఎవరూ అడగడం లేదని నిలదీశారు. కౌన్సిల్ సభ్యుడు జీక్ కోహెన్ ఆ మాట పట్టుకుని తెచ్చిన చట్టానికి 2020లో ఆమోదం దొరికింది. ఆ ముందటి అక్టోబరులో కన్నుమూసిన బాల్టిమోర్ పార్లమెంటు సభ్యుడు ఎలైజా కమింగ్స్ పేరు దానికి పెట్టారు. చట్టం చెప్పేది క్లుప్తంగా ఇది: నగరంలో ప్రజలతో పని ఉన్న శాఖల ఉద్యోగులకు దెబ్బతిన్న మనిషి ఎలా ప్రవర్తిస్తాడో, అతనితో ఎలా మాట్లాడాలో శిక్షణ ఇవ్వాలి. అంతకంటే ముఖ్యంగా, ప్రతి శాఖా తన నిబంధనల్లో జనాన్ని మళ్లీ మళ్లీ గాయపరిచేవి ఏమున్నాయో వెతికి మార్చాలి. ముందుగా శిక్షణ పొందినవాళ్లలో గ్రంథాలయ సిబ్బంది ఉన్నారు.

కౌంటరు వెనక కూర్చున్న గుమాస్తాకు శిక్షణ ఇస్తే ఊరి గాయం మానుతుందా అని నవ్వొచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి. భర్త చనిపోయిన ధ్రువపత్రం కోసం ఒకామె మునిసిపల్ కార్యాలయానికి ఎన్నిసార్లు తిరుగుతుంది? ప్రతిసారీ అతనెలా పోయాడో కిటికీ ముందు, పదిమంది వింటుండగా చెప్పాల్సివస్తుంది. నష్టపరిహారం జాబితాలో పేరు లేదని, ఆధార్‌లో అక్షరం తప్పని, రేపు రమ్మని. విపత్తు ఒక రోజుది. ఆ తిరుగుడు ఏడాదిది. బాల్టిమోర్ చట్టంలో నాకు నచ్చింది శిక్షణ భాగం కంటే ఈ నిబంధనలు వెతికే భాగమే. అది ఎంతవరకు అమలయిందన్నది వేరే మాట. చట్టంలో రాయడం తేలిక, పాత ఫారం చింపేయడం కష్టం.

డబ్బు బాగా పోస్తే ఫలితం వస్తుందనుకోవడానికీ లేదు. న్యూయార్క్ నగరం 2015లో థ్రైవ్ ఎన్‌వైసీ పేరుతో భారీ మానసిక ఆరోగ్య పథకం మొదలుపెట్టింది. నాలుగేళ్లకు 85 కోట్ల డాలర్ల పథకం అది. దానితో ఎవరికి ఎంత నయమైందో చూపించమని 2019లో నగర కౌన్సిల్ సభ్యులు అడిగితే గట్టి లెక్కలు బయటికి రాలేదు. అదే న్యూయార్క్ ఆరోగ్య శాఖ హరారే చూసి కొన్ని బెంచీలు కూడా వేసుకుంది. పేద దేశపు మునిసిపాలిటీ దగ్గర సంపన్న నగరం పాఠం నేర్చుకోవడం అరుదు, అందుకే ఇక్కడ చెబుతున్నా.

ఇక మన సంగతి. విక్రమ్ పటేల్ హరారే నుంచి తిరిగొచ్చాక 1996లో గోవాలో సంగత్ అనే సంస్థను మరికొందరితో కలిసి స్థాపించారు. డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి డిప్రెషన్‌కు మాట సాయం అందించవచ్చని అక్కడి ప్రయోగాలు చూపించాయి. అంటే హరారే ఆలోచన మనకు పరాయిది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లోనూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ ఇచ్చి, కుంగుబాటు ఉన్నవాళ్లను గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించే పద్ధతిని ప్రయత్నించారు. దాన్నే తర్వాత హర్యానాలోనూ పెద్ద ఎత్తున పరీక్షించారు. అవసరం ఎంతుందో 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పింది: జబ్బును బట్టి నూటికి డెబ్బై నుంచి తొంభై మందికి పైగా బాధితులకు వైద్యమే అందడం లేదు.

పల్లెలో ప్రయోగాలు జరిగాయి. పట్నాల్లో ఏం జరిగింది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను చీల్చి వెళ్లింది. 2020 మే 7 తెల్లవారుజామున అదే విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం ఇళ్లలోకి పాకి, నిద్రలో ఉన్నవాళ్లను వీధుల్లో పడేసింది. పన్నెండు మంది పోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. చనిపోయినవారి కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. అది ఇవ్వాల్సిందే. కానీ పరిహారం అందుకున్న ఇంట్లోనూ, అందని ఇంట్లోనూ, రాత్రి ఏ వాసన తగిలినా లేచి కూర్చునే పిల్లల దగ్గరకు ఏళ్ల తరబడి వెళ్లే మనిషి ఎవరు? దానికి ఒక ఉద్యోగం, ఒక పేరు, ఒక బాధ్యత మన నగరపాలక వ్యవస్థలో రాసిపెట్టి లేదు. విపత్తు నిర్వహణ అంటే మనకు పడవలు, పొట్లాలు, జనరేటర్లు. ఆ పనిలో కోస్తా జిల్లాల అధికారులు ఆరితేరారు, కాదనలేం. మూడో నెల తర్వాత ఏమిటన్నదే ఖాళీ.

ఆ ఖాళీ నింపడానికి కొత్త శాఖ పెట్టనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలకు ఆరోగ్య కార్యదర్శులున్నారు. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు, పొదుపు సంఘాలు ఉన్నాయి. పొదుపు సంఘమంటే క్రమం తప్పకుండా కలిసే ఆడవాళ్ల బృందం. హరారే వాళ్లు కష్టపడి తయారుచేసుకున్నది మనకు ముందే ఉంది. కావలసింది అందులో కొందరికి పద్ధతి ప్రకారం శిక్షణ, ఆ పనికి విడిగా జీతం, వాళ్ల మీద ఒక సైకియాట్రిస్టు పర్యవేక్షణ. జీతం మాట ఊరికే అనలేదు. ఇప్పటికే ముప్పై పనులు మోస్తున్న ఆశా మీద ముప్పై ఒకటో పని ఉచితంగా పెడితే, ముందు గాయపడేది ఆమే.

మీ వార్డులో ఇలాంటి ఏర్పాటు ఉందో లేదో మీ కార్పొరేటర్ని అడగండి. లేదంటే ఎందుకు లేదో అడగండి. ఈలోగా ఎవరికైనా, మీకైనా, ఒంటరిగా మోయలేని బరువు అనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ, డబ్బు అక్కర్లేదు.